కన్ను ఇచ్చి నోరు తీసుకోవద్దు

అశోకుని స్తంభ శాసనాలలో రెండవదానిలో 'చఖుదానే' అనే మాట ఉంది. చక్షుదానం అని దాని అర్థం. తాను అనేక విధాలుగా చక్షుదానం చేశానని చక్రవర్తి చెప్పుకున్నాడు. పండితులు చాలామంది దాన్ని ధమ్మదృష్టిని ఇవ్వడం అనే అర్థంలో తీసుకుంటారు. అయితే ఆయన రెండవ శిలాశాసనం చెప్పేది నేరుగా వైద్యం గురించే. మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ అందులో ఉంది. ఆ శాసనం నేనుంటున్న గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గర ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. రోగికి వైద్యం అందేలా చూడడం ధమ్మ పాలనలో భాగమని ఈ రెండు నేలల మీదా రాతిపై చెక్కి రెండువేల రెండువందల ఏళ్లు దాటింది.

ఇప్పుడు సూరత్‌లో చక్షుదానం మాట బ్యానర్ల మీద కనిపిస్తుంది. కంటి శిబిరాన్ని ఇక్కడ 'నేత్రయజ్ఞం' అంటారు. లింబాయత్, ఉధ్నా, డిండోలీ వాడల్లో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీ బౌద్ధ కుటుంబాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. చీరల వ్యాపారులు, వజ్రాల వ్యాపారులు, వాళ్ల ట్రస్టులు ఈ వాడల్లో శిబిరాలు పెడుతుంటారు. అంబేడ్కర్ జయంతికి, బుద్ధ పూర్ణిమకు మన విహార కమిటీలు కూడా పెడుతుంటాయి. ఇది మంచి పని అన్నదాంట్లో వాదం లేదు. నేను ఇక్కడ చర్చకు పెట్టదలచుకున్నది ఆ మంచి పని లోపల ఉన్న ఒక ప్రశ్న. ఉచితంగా కంటి ఆపరేషన్ చేయించుకున్న ముసలి మనిషికి, ఆ వైద్యం గురించి అడిగే హక్కు, తప్పు జరిగితే నిలదీసే హక్కు ఉన్నాయా? ఉంటే వాటిని కాపాడడం దాత బాధ్యతా, లేక అలా అడగడం దాతను అవమానించడమా?

గుడ్డితనం ఎవరి కర్మ?

ధమ్మపదం మొదటి గాథకు అట్ఠకథ చెప్పే కథ చక్ఖుపాల థేరునిది. ఆయన అర్హంతుడయ్యాడు, కాని చూపు పోయింది. ఎందుకు పోయిందంటే పూర్వజన్మలో ఆయన ఒక వైద్యుడట. చూపు మందగించిన ఒక స్త్రీ, తన కళ్లు బాగుచేస్తే తానూ తన పిల్లలూ అతనికి దాస్యం చేస్తామని మాట ఇచ్చింది. మందు పనిచేసింది. దాస్యానికి భయపడి ఆమె, బాగు కాలేదని, ఇంకా చెడిందని అబద్ధం చెప్పింది. కోపంతో వైద్యుడు వేరే మందు ఇచ్చి ఆమెను పూర్తిగా గుడ్డిదాన్ని చేశాడు. ఆ పాపమే తర్వాతి జన్మలో అతని కళ్లను తీసుకుందని కథ ముగుస్తుంది.

ఈ కథను విన్నవాళ్లు వైద్యుడి కర్మ దగ్గర ఆగిపోతారు. నాకు ఆ స్త్రీ ముఖ్యం. ఆమెకు పేరు కూడా లేదు. కళ్లు బాగుపడిన మనిషి, బాగుపడలేదని ఎందుకు చెప్పవలసి వచ్చింది? చూపుకు ధర దాస్యం కాబట్టి. వైద్యుడికీ రోగికీ మధ్య బానిసత్వం నిలబడినప్పుడు నిజం చెప్పడం రోగికి ప్రమాదమైంది. ఆ నిజం లేక వైద్యమూ చెడింది.

పూర్వజన్మ కర్మతో ఈ జన్మ దుఃఖాన్ని వివరించడాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో తిరస్కరించారు. పేదల దుస్థితికి రాజ్యం, సమాజం బాధ్యత తప్పించుకోవడానికి తప్ప అటువంటి సిద్ధాంతం ఎందుకూ పనికిరాదన్నది ఆయన వాదం. కంటి విషయంలో ఆ వాదం ఎంత సరైనదో లెక్కలే చెబుతాయి. 2015-19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో, యాభై ఏళ్లు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలే. అదే సర్వేలో నిరక్షరాస్యుల్లో అంధత్వం 3.23 శాతం ఉంటే, పదో తరగతి, ఆపైన చదివినవారిలో 0.43 శాతం మాత్రమే. శుక్లం వయసుతో అందరికీ వస్తుంది. దాంతో గుడ్డివాళ్లుగా మిగిలేది ఎవరన్నది చదువు, డబ్బు, ఆసుపత్రి దూరం తేలుస్తాయి. ఇందులో పూర్వజన్మకు పని లేదు.

దానం చేసిన మేలు

దాతల సొమ్ము ఈ రంగంలో చేసిన మేలును తక్కువ చేయకూడదు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదటిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్సు అమర్చాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ లెన్సు పేద దేశాలకు అందని సరుకు. మన దేశంలో శుక్లం తీసి, సోడాబుడ్డి కళ్లజోడు పెట్టి పంపేవాళ్లు. ఆ జోడు పగిలితే మనిషి మళ్లీ గుడ్డివాడే. 1976లో పదకొండు పడకలతో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి, 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంతంగా లెన్సులు తయారుచేయడం ప్రారంభించాక వాటి ధర ఎన్నో రెట్లు పడిపోయింది. నేపాల్‌లో హిమాలయాల్లోని ఒక మారుమూల పల్లెలో బౌద్ధ కుటుంబంలో పుట్టిన డాక్టర్ సందుక్ రుయిత్, 1994లో కాఠ్మాండూలో తిల్‌గంగా కేంద్రాన్ని నెలకొల్పినవారిలో ముఖ్యుడు. విదేశీ దాతల తోడ్పాటుతో అక్కడ కూడా లెన్సుల తయారీ మొదలైంది. హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి ఎన్. రావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గురించి తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. ప్రపంచ బ్యాంకు రుణంతో 1994 నుంచి 2002 వరకు ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల నివారణ పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

పావుగంట, ఇరవై నిమిషాల పనితో, కొన్ని వేల రూపాయల ఖర్చుతో ఒక మనిషికి లోకం తిరిగి వస్తుంది. వైద్యంలో ఇంత చౌకగా ఇంత పెద్ద మేలు చేసేవి తక్కువ. దాతలు దీన్ని ఇష్టపడడానికి కారణం ఇదే. ఒక ఆపరేషన్‌కు ఇంత, వంద ఆపరేషన్లకు ఇంత అని లెక్క చెప్పవచ్చు. పట్టీ విప్పగానే ఫలితం కనిపిస్తుంది, ఫొటో వస్తుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. లెక్కలోకి వచ్చేది ఆపరేషన్. ఆ తర్వాతి ఆరు వారాలు ఎవరి లెక్కలోకీ రావు.

"బాగానే ఉంది సారూ"

ఈ రోజుల్లో గుడారాల్లో ఆపరేషన్లు చేయరు. వాడలో పరీక్షలు చేసి, ఎంపికైనవాళ్లను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, మర్నాడో మూడోనాడో దింపేస్తారు. చేతిలో నల్ల కళ్లద్దాలు, చుక్కల మందు సీసాలు, ఒక కాగితం. మా వాడల్లో ఆ కాగితం గుజరాతీలో ఉంటుంది. తీసుకున్న అవ్వకు ఏ లిపీ రాదు. చదవగలిగిన కొడుకు సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టులో ఉంటాడు.

కొన్నేళ్ల కిందట, ఇక్కడి ఒక ట్రస్టు శిబిరం ద్వారా ఆపరేషన్ అయిన ఒక అవ్వ మూడోరోజు నుంచి కన్ను పోటుతో నిద్రపోలేదు. కన్ను ఎర్రబడింది, కనబడినది మళ్లీ మసకయింది. ఐదో రోజు ట్రస్టువాళ్లు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది సారూ" అంది. నేను వాళ్లింటికి వెళ్లింది మరో రెండు రోజులకు. నొప్పి సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఉత్తగ చేసిండ్రు బిడ్డా, అన్నం గూడ పెట్టి పంపిండ్రు. నొస్తున్నదని ఏ నోటితోని చెప్పాలె?" అంది. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. చూపు కొంతే దక్కింది.

ఆపరేషన్ తర్వాత కంటి లోపల ఇన్ఫెక్షన్ రావడం అరుదు. కాని వస్తే గంటలు కూడా విలువైనవే. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం అనే మూడు గుర్తులు కనబడిన రోజునే వైద్యుడి దగ్గరికి చేరితే కన్ను నిలిచే అవకాశం ఎక్కువ. అంటే రోగి నోరు విప్పడం ఇక్కడ మర్యాదకు సంబంధించిన విషయం కాదు, వైద్యంలో ఒక భాగం. ఆ నోటిని కృతజ్ఞత మూసేస్తే కన్ను పోతుంది. చక్ఖుపాలుని కథలో ఆ స్త్రీ దాస్యానికి భయపడి 'బాగు కాలేదు' అంది. మా వాడ అవ్వ ఉపకారానికి తలవంచి 'బాగానే ఉంది' అంది. మాటలు వేరైనా ఇద్దరి నోటినీ అబద్ధం వైపు నెట్టింది ఒకటే: చూపు ఇచ్చినవాడికి తాను లోబడి ఉండాలన్న భావన.

వినయ పిటకంలోని మహావగ్గంలో, అతిసారంతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువును తథాగతుడు ఆనందునితో కలిసి స్వయంగా కడిగి, పడక మీదికి చేర్చిన ఘట్టం మనందరికీ తెలుసు. దాని తర్వాతి భాగాన్ని తక్కువమంది చదువుతారు. మంచి పరిచారకుని లక్షణాలతోపాటు మంచి రోగి లక్షణాలనూ భగవానుడు చెప్పాడు. రోగం పెరుగుతుంటే పెరుగుతున్నదని, తగ్గుతుంటే తగ్గుతున్నదని పరిచర్య చేసేవారికి ఉన్నదున్నట్టు చెప్పడం వాటిలో ఒకటి. మరి పరిచారకుని లక్షణాల్లో ఒకటి, లాభం ఆశించి కాక మైత్రీ చిత్తంతో సేవ చేయడం. ఈ రెండూ కలిసే నిలుస్తాయి. సేవ చేసేవాడు పేరు కోసం, ఫొటో కోసం నిలబడినచోట రోగి నిజం చెప్పలేడు.

చట్టం ముందు ఉచిత రోగి

న్యాయశాస్త్రం చదివినదాన్నిబట్టి రెండు తీర్పుల సంగతి చెప్పాలి.

1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ఒక సేవా క్లబ్బు కంటి శిబిరం పెట్టింది. 108 మందికి ఆపరేషన్లు జరిగాయి, వాటిలో 88 శుక్లాలవి. ఇన్ఫెక్షన్ సోకి 84 మందికి ఆపరేషన్ అయిన కన్ను శాశ్వతంగా దెబ్బతింది. 1989లో ఎ.ఎస్. మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి శిబిరాల ఉద్దేశం గొప్పదని ఒప్పుకుంటూనే, ఉద్దేశం ఎంత గొప్పదైనా జాగ్రత్త ప్రమాణాలు తగ్గడానికి వీల్లేదని స్పష్టం చేసింది. మధ్యంతరంగా ఇచ్చిన ఐదువేలు కాక, ఒక్కొక్కరికీ 12,500 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలంది. ఒక కంటికి ఆ మొత్తం ఎంత తక్కువో చెప్పనక్కరలేదు. అయినా సూత్రం నిలబడింది.

రెండోది 1995 నాటి వి.పి. శాంత కేసు. వైద్యసేవను వినియోగదారుల రక్షణ చట్టం కిందికి తెచ్చిన ప్రసిద్ధ తీర్పు ఇది. కాని అందులో ఒక గీత ఉంది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఆ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, పేదలకు ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే, ఆ ఉచిత రోగి కూడా వినియోగదారుడే. అంటే పూర్తి ఉచిత ఆసుపత్రిలో కన్ను పోగొట్టుకున్న అవ్వ వినియోగదారుల కమిషన్ గడప ఎక్కలేదు. సివిల్ కోర్టు దారి ఆమెకు మూసుకుపోలేదు. కాని సూరత్‌లో చీరల దారాలు కత్తిరించి బతికే మనిషికి సివిల్ దావా ఎంత దగ్గరి దారో మీకు తెలుసు.

ఆ తీర్పు చట్టంలోని నిర్వచనాన్ని బట్టి వచ్చింది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. 'డబ్బు కట్టావా?' అన్న ప్రశ్న ఒక చట్టానికి అవసరం కావచ్చు. అది మన నీతికి కొలమానం కాకూడదనే నా మాట. పైగా దాత సొమ్ములో ఎంత దాతది? విరాళానికి 80జి రసీదు ఇస్తారు, పన్ను తగ్గుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సాంచా నడిపినవాళ్లు, రాయి సానపట్టినవాళ్లు లేకుండా ఆ లాభం పుట్టలేదు. అవ్వ కంట్లోకి వచ్చిన లెన్సులో ఆమె కుటుంబం చెమట కూడా కొంత ఉంది.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2024 జనవరిలో అహ్మదాబాద్ జిల్లా మాండల్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్లు చేయించుకున్నవారిలో పదిహేడు మందికి చూపు దెబ్బతింది. గుజరాత్ హైకోర్టు తనంత తానుగా కేసు తీసుకుంది.

సత్పురుషుని దానం

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. "ఇన్ని ప్రశ్నలు వేస్తే దాతలు వెనక్కి పోతారు. శిబిరాలు ఆగితే నష్టపోయేది ముసలివాళ్లే. వేలమందికి చూపు వస్తుంటే పదిమంది సంగతి పట్టుకుని కూర్చుంటారా?" అని. ఇందులో నిజం ఉంది. శుక్లం ముదిరిన మనిషి ఎదురుచూస్తూ కూర్చుంటే మెట్ల మీద పడి తుంటి విరుగుతుంది, కొందరు చూపు రాకుండానే చనిపోతారు. ఆలస్యానికీ బాధితులు ఉంటారు. అందుకే శిబిరాలు వద్దని నేను అనను.

కాని ఆ అభ్యంతరం ఒక ఊహ మీద నిలబడింది. గౌరవం పెరిగితే సంఖ్య తగ్గుతుందనేది ఆ ఊహ. అరవింద్, ఎల్.వి. ప్రసాద్ సంస్థల అనుభవం దానికి విరుద్ధంగా ఉంది. డబ్బు కట్టగలిగినవాళ్లు కడతారు, ఆ ఆదాయంతో లేనివాళ్లకు అవే చేతులు ఆపరేషన్ చేస్తాయి. ఎల్.వి. ప్రసాద్ సంస్థలో సగానికి పైగా సేవలు ఉచితమే. అక్కడ ఉచిత రోగి చట్టం దృష్టిలో కూడా హక్కున్న మనిషి. సంఖ్య తగ్గలేదు.

అంగుత్తర నికాయంలో సత్పురుషుని దానానికి ఐదు లక్షణాలు చెప్పారు. శ్రద్ధతో ఇవ్వడం, గౌరవంతో ఇవ్వడం, తగిన కాలంలో ఇవ్వడం, బిగబట్టని మనసుతో ఇవ్వడం, తననూ ఇతరులనూ గాయపరచకుండా ఇవ్వడం. గౌరవం ఇక్కడ దానం మీద చల్లే పన్నీరు కాదు, దానంలోనే ఒక అంగం. కాలం అంటే పట్టీ విప్పే రోజు ఒక్కటే కాదు. చుక్కలు వేసే ఆరు వారాలూ, కొన్ని నెలలకో ఏళ్లకో లెన్సు వెనుక పొర మసకబారి మళ్లీ లేజర్ అవసరమయ్యే రోజూ కాలమే. కూటదంత సుత్తంలో భగవానుడు చెప్పిన మంచి యజ్ఞంలో పశువధ లేదు, బెత్తానికి భయపడి కన్నీళ్లతో పని చేసినవాళ్లూ లేరు. నేత్రయజ్ఞం అనే పేరు పెట్టుకున్నవాళ్లు ఆ సుత్తాన్ని చదవాలి.

బాబాసాహెబ్ కరుణ దగ్గర ఆగవద్దన్నారు, మైత్రి దాకా వెళ్లమన్నారు. కరుణలో ఇచ్చేవాడు పైన, తీసుకునేవాడు కింద ఉండే ప్రమాదం ఉంది. మైత్రిలో అడగవచ్చు, కాదనవచ్చు, తప్పు పట్టవచ్చు. సమానులమధ్య ఉండేవి ఇవే.

ముందుగా అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది: ఆమె ఏం చూడాలనుకుంటున్నది? సూరత్‌లో వేలమంది ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తారు, రాళ్లు అతికిస్తారు. శిబిరాల్లో సాధారణంగా అమర్చే లెన్సుతో దూరపు చూపు వస్తుంది. దగ్గరిది చూడాలంటే వేరే కళ్లజోడు కావాలి. గోడ మీది అక్షరాలు చదివితే రిజిస్టర్‌లో 'విజయవంతం' అని పడుతుంది. ఆమెకు మాత్రం దారం కనబడదు, రోజు కూలీ రాదు. రెండువందల రూపాయల జోడు ఎవరూ ఇవ్వలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

మన విహారాలు చేయగలిగింది

ఇతరుల శిబిరాలను విమర్శించే ముందు మన శిబిరాలను సరిచేసుకుందాం. దీనికి పెద్ద డబ్బు అక్కరలేదు. ఏ ఆసుపత్రితో కలిసి పనిచేస్తున్నామో, అక్కడ డబ్బు కట్టే రోగులు కూడా ఉన్నారో లేదో ముందే తెలుసుకోవాలి. డబ్బు కట్టేవారికీ ఉచిత రోగికీ ఒకే ఆపరేషన్ గది, ఒకే వైద్యులు ఉంటారని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆపరేషన్‌కు ముందే, రోగి భాషలో, ఏం చేస్తారో, ఏ ప్రమాదం ఉండవచ్చో, వద్దనుకుంటే ఏమీ కాదనీ చెప్పాలి. సూరత్‌లో తెలుగు, మరాఠీ, ఒడియా తెలిసిన యువకులు విహారాల్లోనే ఉన్నారు. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం అనే మూడు గుర్తులను ఒక్కొక్కరి చేత నోటితో చెప్పించాలి, రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఇవ్వాలి. మొదటి వారం రోజూ ఒక ఉపాసికో ఉపాసకుడో ఇంటికి వెళ్లి, "బాగుందా?" అని కాక "ఎక్కడ నొస్తున్నది?" అని అడగాలి. మొదటి ప్రశ్నకు మొహమాటం జవాబు చెబుతుంది, రెండోదానికి కన్ను చెబుతుంది. తోడు వచ్చే కోడలికో కూతురికో పోయే కూలీ గురించి కూడా ఆలోచించాలి. ఆ కూలీ పోతుందనే చాలామంది అవ్వలు "ఒక కన్ను చాలు" అంటారు.

బ్యానర్ మీద దాత పేరు ఉండాలంటే ఉండనివ్వండి. పట్టీలతో వరసగా కూర్చోబెట్టి తీసే ఫొటో మాత్రం మానేద్దాం. వాళ్ల అనుమతి అడిగామని చెప్పుకోవచ్చు, కాని ఆ రోజు ఆ మంచం మీద కూర్చున్న మనిషికి కాదనే ధైర్యం ఎక్కడిది?

ఇలా నడిపిన శిబిరంలో ఎప్పుడో ఒకనాడు ఒక అవ్వ మన విహారానికి వచ్చి, "మీరు చేయించిన కన్ను సరిగ్గ కనిపిస్తలేదు, ఏం జేస్తరు?" అని గట్టిగా అడుగుతుంది. కమిటీలో కొందరికి కోపం రావచ్చు. ఉచితంగా చేయిస్తే ఇంత మాటా అనిపించవచ్చు. ఆమెకు కుర్చీ వేసి, ఆమె కాగితం తీసుకుని, అదే రోజు ఆసుపత్రికి తోడు పంపండి. చేసిన దానం సరైన చోటికి చేరిందనడానికి ఆమె వేసిన ఆ ప్రశ్నే సాక్ష్యం.